కట్టుట సులభము, నడుపుట కష్టము – తెనాలి, బాపట్ల, రేపల్లె సీమలో ప్రజావైద్య చరిత్ర

మన అధ్యక్ష ఖండ శతవార్షికోత్సవ సంచికలో దేవాలయములను గూర్చియు, పాఠశాలలను గూర్చియు, మనకంటె ముందు ప్రయాసపడిన బోధకులను, బైబిలు స్త్రీలను గూర్చియు అనేకులు వ్రాయుచున్నారు. మేము మాత్రము ఒక వరుసను గూర్చి వ్రాయదలచితిమి. అది ప్రభుత్వ ఆసుపత్రిలో ఓ.పి. చీటీ ఇచ్చు కిటికీ ముందు ప్రతి సోమవారము ఉదయము నిలుచు వరుస. ఆదివారము మనతో కలసి ఆరాధించిన వారిలో ఎందరో సోమవారము ఆ వరుసలో కనబడుదురు. సంఘ చరిత్ర వ్రాయునప్పుడు ఆ వరుసను విడిచిపెట్టుట న్యాయము కాదని మాకు తోచినది.

రేపల్లె నుండి తెనాలికి ఉదయపు రైలులో ప్రయాణము చేసినవారికి ఆ వరుస ఎచ్చట మొదలగునో తెలియును. దూరము సుమారు 34 కిలోమీటర్లే. ఆ పెట్టెలలో ఎక్స్‌రే ఫిల్ములు పెట్టుకొనిన సంచులు, నలిగిన మందుల చీటీలు, క్యారియరులో మధ్యాహ్నమునకు అన్నము కనబడును. కొందరు తెనాలిలో దిగుదురు. తక్కినవారు అచ్చట బండి మారి గుంటూరు పెద్దాసుపత్రికి పోవుదురు. బాపట్ల వైపు నుండి పోవువారి సంగతియు ఇంతే.

ఈ సీమ ఎండిన సీమ కాదు. కృష్ణా కాలువల నీటితో వరి పండు నేల ఇది. గడచిన నూరేండ్లలో మిషనులును ప్రభుత్వమును ఇచ్చట వైద్యశాలలు కట్టుచునే ఉన్నవి. సంస్కరణలు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. అయినను వరుస తరుగలేదు. ఎందుచేత? మేము చదివినంతలో, చూచినంతలో మాకు దొరికిన సమాధానము ఒక్కటే. కట్టుటకు డబ్బు ప్రతి తరములోను ఏదో ఒక చేతి నుండి వచ్చినది. నడుపుటకు డబ్బు ప్రతి తరములోను కరవైనది. కోత వచ్చినప్పుడెల్ల అది గోడలకు తగులలేదు. మందుల బీరువాకును, నర్సు ఉద్యోగమునకును తగిలినది.

మిషను వైద్యశాలల కాలము

1883లో అమెరికా లూథరను మిషను పక్షమున డాక్టరు అన్నా సారా కుగ్లరు గారు గుంటూరునకు వచ్చిరి. స్త్రీలు పురుష వైద్యుని యొద్దకు పోవుటకు జంకు దినములవి. ఆమె మొదట ఇండ్లకు పోయి వైద్యము చేసిరి. పిమ్మట చిన్న మందుల గది తెరచిరి. తుదకు స్త్రీలకును బిడ్డలకును ఒక ఆసుపత్రిని నిలిపిరి. 1930లో ఆమె గుంటూరులోనే ప్రభువునందు నిద్రించిరి. ఆ ఆసుపత్రి ఆమె పేరుతోనే ప్రసిద్ధమైనది. 1904లో గుంటూరునకు వచ్చిన జె.ఎం.జె. కన్యకలు రోమను కతోలిక సంఘము పక్షమున వైద్య పరిచర్య చేసిరి. రక్షణ సైన్యము వారు నిడుబ్రోలులో ఒక ఆసుపత్రిని, బాపట్లలో కుష్ఠు రోగుల కొరకు వేరొక ఆసుపత్రిని నడిపిరి. రోగి చేయి పట్టుకొను నర్సు పనిని లోకము చిన్నచూపు చూచిన కాలములో మన సంఘముల ఆడపిల్లలు తెల్లచీర కట్టి ఆ పనికి ముందుకు వచ్చిరి. ఇది మనము గర్వముతో చెప్పుకొనదగిన మాట.

కాని చరిత్ర వ్రాయువాడు ఒక్క కన్ను మూసికొని వ్రాయరాదు. ఈ వైద్యశాలలు చాలవరకు విదేశ సంఘముల కానుకలతో కట్టబడినవి, చాలకాలము ఆ కానుకల ఆసరాతోనే నడచినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ కాలువ క్రమముగ సన్నగిల్లెను. ఇటు డాక్టరు జీతము, యంత్రముల ఖరీదు పెరుగుచు వచ్చెను. అప్పుడు దేశమంతట అనేక మిషను ఆసుపత్రులు చేసిన పని యేమనగా, రోగి యొద్ద పుచ్చుకొను రుసుము పెంచుట. రుసుము పెరిగిన కొలది, ఎవరి కొరకు ఆ తలుపు తెరువబడినదో వారే గేటు బయట నిలిచిపోయిరి. కొన్నిచోట్ల వార్డులకు తాళములు పడినవి. ప్రభుత్వమును వేలెత్తి చూపుటకు ముందు మనము ఈ మాట ఒప్పుకొనవలెను.

సంఘము ఈ తప్పును తెలిసికొనలేదని కాదు. 1968లో జెనీవాలో ప్రపంచ సంఘముల సమితి వారు క్రైస్తవ వైద్య కమిషనును ఏర్పరచిరి. సంఘముల వైద్య ద్రవ్యములో అధికభాగము ఆసుపత్రుల కట్టడములలోనే చిక్కుకొనినదనియు, పల్లెలలోని జబ్బులలో ఎక్కువ భాగము ఆసుపత్రికి రాకముందే ఆపదగినవనియు ఆ కమిషను వారు గట్టిగ చెప్పిరి. 1970లో మహారాష్ట్రములోని జాంఖేడులో రజనీకాంత్ ఆరోలే, మేబెల్ ఆరోలే అను వైద్య దంపతులు దీనిని ఆచరణలో పెట్టి చూపిరి. వీరు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివినవారు. చదువురాని పల్లె స్త్రీలకే శిక్షణ ఇచ్చి, కానుపులు, పసిబిడ్డల సంరక్షణ, నీటి శుభ్రత వారి చేతికి అప్పగించిరి. 1978లో ఆల్మా ఆటాలో ప్రపంచ దేశములు ప్రాథమిక ఆరోగ్యమును గూర్చి చేసిన ప్రకటనకు ఇట్టి అనుభవములే దారి వేసినవి.

తాలూకా బోర్డుల నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వరకు

ఇక ప్రభుత్వ వైద్యము సంగతి. తెనాలి 1909లోనే పురపాలక సంఘమైనది. పల్లెలకు తాలూకా బోర్డులే దిక్కు. 1921 నుండి మదరాసు రాజధానిలో వైద్యము, ప్రజారోగ్యము మన దేశీయ మంత్రుల చేతికి వచ్చెను. కాని ఖజానా మాత్రము గవర్నరు పక్షమువారి చేతిలోనే ఉండెను. కర్తవ్యము ఒకరిది, కాసులు మరియొకరివి. ఆ ఇరుకులోనే పానగల్లు రాజావారి మంత్రివర్గము 1924లో ఒక ఉపాయము పన్నెను. పెద్ద ఆసుపత్రులు కట్టుటకు బదులు, పల్లెలో స్థిరపడి వైద్యము చేయు డాక్టరునకు ప్రభుత్వము ఏటేట కొంత సొమ్ము ఇచ్చి, బీదలకు ఉచితముగ మందు ఇప్పించు పద్ధతి అది. గోడలకు గాక మనిషికి పెట్టుబడి పెట్టిన ఈ ఆలోచనను మనము మరచిపోరాదు.

1930లలో ధాన్యము ధరలు పడిపోయి, రైతు యొక్కయు ప్రభుత్వము యొక్కయు రాబడి కుంగినది. 1934లో తాలూకా బోర్డులు రద్దయినవి. అయినను 1939లో మదరాసు రాజధాని ప్రజారోగ్య చట్టమును చేసెను. దేశములో అట్టి సమగ్రమైన చట్టము అదియే మొదటిది. 1946లో భోర్ కమిటీ తన నివేదిక నిచ్చెను. డబ్బు చెల్లించలేడను కారణముచేత ఏ మనిషియు వైద్యమునకు దూరము కారాదనునది ఆ నివేదికకు మూలసూత్రము. ఆ యేడే గుంటూరు వైద్య కళాశాలయు ఆరంభమాయెను. 1952 నుండి దేశమంతట ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వెలయసాగినవి.

రెండు తుఫానులు చెప్పిన సాక్ష్యము

1977 నవంబరు 19వ తేదీని మన పెద్దలు మరువలేరు. ఆ ఉప్పెనలో దివిసీమ మొదలు మన తీరము వరకు పదివేలకు పైబడి ప్రజలు మరణించిరి. బాపట్లలో దేవాలయములో తలదాచుకొనిన వారు ఆ కట్టడము కూలి మరణించిన సంగతి తలచుకొనినప్పుడెల్ల మా గుండె బరువెక్కును. దృఢమని నమ్మిన గోడలే వారిమీద పడినవి.

పిమ్మట తీరమంతట తుఫాను ఆశ్రయ భవనములు లేచినవి. కట్టించినవారిలో క్రైస్తవ సంస్థలును ఉండెను. 1990 మే నెలలో ఇంచుమించు అంత బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారము దాపున తీరము దాటెను. ఈ మారు మృతులు వెయ్యిలోపే. ఆ వెయ్యిమందియు మనవారే. ఆ దుఃఖము చిన్నది కాదు. కాని ఈ భేదమునకు కారణము భవనములు మాత్రమే కావు. ముందుగా హెచ్చరిక అందినది. ఊరూర తిరిగి జనమును లేపి, లక్షకు పైబడి ప్రజలను తరలించిన ఉద్యోగులును స్వచ్ఛంద సేవకులును ఉండిరి. గోడలతో పాటు వాటిని నడుపు మనుష్యులు ఉన్నప్పుడే ప్రాణములు నిలుచునని మన తీరమే సాక్ష్యము చెప్పుచున్నది.

పరిషత్తు, పొదుపు, ప్రపంచ బ్యాంకు

1986లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వము ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్తు చట్టమును చేసెను. బోధనాసుపత్రులకును ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకును నడుమ ఉండు జిల్లా, తాలూకా స్థాయి ఆసుపత్రులను ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించుట దీని ఉద్దేశము. పగిలిన కుళాయి బాగుచేయుటకును రాజధాని నుండి ఉత్తరువు రావలసిన అవస్థ తొలగవలెననియు, సంస్థ తన నిధిని తానే చూచుకొనవలెననియు ఆశించిరి. దేశములో ఇది కొత్త ప్రయోగము. తెనాలి, బాపట్ల వంటి పట్టణముల ఆసుపత్రులు ఈ పరిషత్తు క్రిందికి వచ్చినవి.

ఆలోచన మంచిదే. కాని స్వాతంత్ర్యము ఇచ్చినవారు సంచి నింపుట మరచిరి. 1991 తరువాత దేశమంతట పొదుపు కాలము వచ్చినది. 2002 నాటి జాతీయ ఆరోగ్య విధాన పత్రమే ఒప్పుకొనిన లెక్క ఇది: ప్రజారోగ్యముపై ప్రభుత్వ వ్యయము 1990లో స్థూల దేశీయోత్పత్తిలో 1.3 శాతము ఉండగా, 1999 నాటికి 0.9 శాతమునకు దిగెను. రాష్ట్రముల బడ్జెట్లలో ఆరోగ్యము వాటా 7 శాతము నుండి 5.5 శాతమునకు పడిపోయెను. ఇట్టి కోత ఆసుపత్రిలో ఎట్లు కనబడునో చూడుడి. ఉన్న ఉద్యోగి జీతము ఆపుట కష్టము. కాబట్టి ఖాళీ అయిన ఉద్యోగము నింపరు, మందుల కొనుగోలు తగ్గింతురు, జనరేటరునకు డీజిలు ఉండదు, దుప్పట్లు చిరుగును. బయటినుండి చూచువానికి ఆసుపత్రి ఎప్పటివలెనే నిలిచి ఉండును. లోపల అది సగము మూతపడినట్లే.

అట్టి సమయములో, 1994లో, ప్రపంచ బ్యాంకు అప్పుతో ఒక పెద్ద పథకము మన రాష్ట్రమునకు వచ్చెను. పరిషత్తు ఆసుపత్రులను విస్తరించుట, మరమ్మతు చేయుట, పరికరములు కొనుట, సిబ్బందికి శిక్షణ ఇచ్చుట దాని పనులు. 2002 వరకు అది నడచెను. కొత్త గదులు, కొత్త యంత్రములు వచ్చిన మాట నిజము. వాటివలన మేలు పొందినవారు మన సంఘములలోను ఉన్నారు. కాని అప్పు తీరు కాలము వచ్చునప్పటికి ఆ గదులను ఊడ్చువారి జీతము, ఆ యంత్రములు చెడినప్పుడు బాగుచేయు ఖర్చు రాష్ట్రపు నెత్తినే పడెను.

రోగి యొద్దనే కొంత వసూలు చేసిన బాగుండునను మాట ఆ దినములలో లోకమంతట వినబడెను. ఆఫ్రికాలోని కెన్యా దేశము 1989 డిసెంబరులో ప్రభుత్వ ఆసుపత్రులలో రుసుములు పెట్టగా, వచ్చు రోగుల సంఖ్య గణనీయముగ పడిపోయెను. ఏడాది తిరుగకముందే వాటిలో కొన్నింటిని నిలిపివేయవలసి వచ్చెను. మన మిషను ఆసుపత్రులు అంతకుముందే నేర్చుకొనిన పాఠమే అది. పన్నెండేండ్ల రక్తస్రావముతో బాధపడిన స్త్రీ తనకు కలిగినదంతయు వైద్యుల క్రిందనే వ్యయము చేసికొనినదని సువార్తలో చదువుచున్నాము గదా. అట్టి స్త్రీలు నేటికిని మన సంఘములలో ఉన్నారు.

కోతలోను పని జరిగిన చోటు

డబ్బు తక్కువైనంతమాత్రమున సంస్కరణ అసాధ్యమని చెప్పుట సరికాదు. పొరుగున ఉన్న తమిళనాడు 1994లో ప్రభుత్వ ఆసుపత్రుల మందుల కొనుగోలుకు ఒక ప్రత్యేక సంస్థను పెట్టెను. వేరువేరుగ కొనుటకు బదులు రాష్ట్రమంతటికి ఒక్కసారిగ టెండరు పిలిచిరి. కంపెనీ పేరు చూడక మందు పేరు చూచి కొనిరి. ప్రయోగశాలలో పరీక్ష కాని మందును పంచలేదు. జిల్లాలలో గిడ్డంగులు పెట్టి, ప్రతి ఆసుపత్రికి బ్యాంకు పుస్తకము వంటి ఒక పాసు పుస్తకము ఇచ్చిరి. తమకు ఎంత మొత్తము ఉన్నదో, ఏ మందు తీసికొనిరో అందులో వ్రాయబడును. మందు ధర తగ్గినది, బీరువా నిండినది. పిమ్మట అనేక రాష్ట్రములు ఈ దారి పట్టినవి. ఇందులో గొప్ప కట్టడమేదియు లేదు. ఉన్నది చక్కని లెక్క, కావలి మాత్రమే.

మన రాష్ట్రములోను మేలైన పనులు జరుగలేదా? జరిగినవి. 2005 ఆగస్టు 15న 108 వాహనములు బయలుదేరినవి. ఆ యేడే జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ద్వారా ఆశా కార్యకర్తలు వచ్చిరి. 2007లో మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ క్రమముగ రాష్ట్రమంతట వ్యాపించి, గుండె శస్త్రచికిత్స బీదవానికి అందునట్లు చేసినది. పిమ్మట పేర్లు మారినను పథకము నిలిచినది. దాని మేలును మేము కన్నులార చూచితిమి. అయితే దానిలో చాల సొమ్ము ప్రైవేటు ఆసుపత్రుల చేతికి పోవుచుండగా, మన ఊరి ఆసుపత్రి దినదిన ఖర్చు వెనుకబడెనను విమర్శయు తోసివేయదగినది కాదు. పెద్ద జబ్బునకు కార్డు ఉన్నది. చిన్న జబ్బు పెద్దది కాకుండ ఆపు బిళ్లకు కార్డు లేదు.

2022 ఏప్రిలు 4న బాపట్ల కొత్త జిల్లా ఆయెను. రేపల్లె అందులో చేరెను. తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచెను. 2023లో వైద్య విధాన పరిషత్తు ఉద్యోగులను ప్రభుత్వములో విలీనము చేయుటకు రాష్ట్ర మంత్రివర్గము నిర్ణయించెను. జీతములు సకాలములో అందవలెనని ఆ ఉద్యోగులు ఏండ్ల తరబడి అడిగిన మీదట వచ్చిన నిర్ణయమది. 1986లో వేసిన స్వతంత్ర మార్గము అక్కడికి ముగింపునకు వచ్చెను. బాపట్లకు మంజూరైన వైద్య కళాశాలను మరి తొమ్మిదింటితో పాటు ప్రైవేటు భాగస్వామ్యముతో నిర్మించుటకు 2025లో ప్రభుత్వము పూనుకొనగా, దానిపై రాష్ట్రమంతట వాదము చెలరేగెను. ఆ వాదములో పక్షము వహించుట ఈ వ్యాసము పని కాదు. ఎవరు కట్టినను, పదియేండ్ల తరువాత దానిని ఎవరు, ఎవరి సొమ్ముతో, ఎవరి కొరకు నడుపుదురని అడుగుట మాత్రము మన పని.

ఒక అవ్వ లెక్క

మేము వేదాంత కళాశాల విడిచి ఈ సీమలో పరిచర్యకు వచ్చిన తొలి యేండ్లలో మా సంఘములో ఒక అవ్వ ఉండెడిది. నాట్లకు పోయి బ్రదికిన మనిషి. ఆమెకు రక్తపోటు. నెలకొకసారి ప్రభుత్వ ఆసుపత్రికి పోయి బిళ్లలు తెచ్చుకొనెడిది. ఒక వేసవిలో మూడు మారులు పోయి ఉత్త చేతులతో తిరిగి వచ్చినది. "అయ్యగారూ, బిళ్లలు రాలేదంట. పై వారం రమ్మన్నారు. ఆటోకే కూలి డబ్బులు అయిపోతున్నాయి" అని మాతో చెప్పినది. మేము ప్రార్థన చేసి పంపితిమి. ఇంట మిగిలిన బిళ్లలను ఆమె దినము విడిచి దినము మ్రింగుచున్నదని మాకు తరువాత తెలిసినది. ఆ యేడు మొదటి వానలలో ఆమెకు కుడి పక్క పడిపోయెను. ఆమె మరి బల్లారాధనకు నడచి రాలేదు. మేమే ఆమె మంచము యొద్దకు రొట్టెను, ద్రాక్షారసమును తీసికొనిపోయితిమి.

ఆ బిళ్లల వెల ఎంత? ఒక నెలకు సరిపడునవి మేము మందుల దుకాణములో కొని ఇచ్చియుండిన యెడల మా జేబుకు భారమయ్యెడిది కాదు. ఆ మాట నేటికిని మమ్మును పొడుచుచున్నది. తప్పు ఆసుపత్రిది మాత్రమే కాదు. అడుగవలసిన ప్రశ్న అడుగని మాదియును. ప్రభుత్వపు లెక్కలోనైనను ఆమె పక్షవాతమునకు అయిన ఖర్చు, పొదుపు చేసిన బిళ్లల ఖర్చుకంటె ఎన్ని రెట్లో మీరే ఆలోచించుడి. బీరువా దగ్గర మిగిల్చిన రూపాయి వార్డు దగ్గర పదియై బయటికి పోవును.

సంఘమునకు మనవి

కాబట్టి ప్రియ సంఘస్థులారా, ఈ నూరేండ్ల చరిత్ర నుండి మేము గ్రహించినది మూడు మాటలలో చెప్పెదము. డబ్బు తక్కువైనప్పుడు మొదట కాపాడవలసినది మందుల బీరువా. రెండవది, పల్లెకు నడచి వచ్చు నర్సమ్మ, ఆశా కార్యకర్త. మూడవది, రుసుము లేని తలుపు. ఈ మూడు నిలిచిన పిమ్మటనే కొత్త కట్టడమును గూర్చి ఆలోచింపవలెను. ఏ ప్రభుత్వము వచ్చినను మనము అడుగవలసినది ఇదే.

అడుగుటతో మన పని తీరదు. ప్రతి ప్రభుత్వ ఆసుపత్రికి అభివృద్ధి సంఘమని ఒకటి కలదు. దాని కూటములలో ఏమి జరుగుచున్నదో మన పెద్దలు తెలిసికొనవలెను. ఏ మందు ఎన్ని దినములు లేదో వ్రాసి, మర్యాదగ వినతిపత్రము ఇచ్చుట యౌవనస్థుల కూటము చేయదగిన పని. బీరువా ఖాళీగ ఉన్న వారములో ఒక అవ్వకు బిళ్లలు కొని ఇచ్చుట స్త్రీల సమాజము చేయదగిన పని. మన సంఘములలో నర్సులుగ పనిచేసి విశ్రాంతి తీసికొనిన అమ్మలు ఎందరో ఉన్నారు. నెలకొక ఆదివారము ఆరాధన పిమ్మట వారు రక్తపోటు చూచిన చాలును, అది చిన్న పని కాదు.

మంచి సమరయుని కథలో మనము సాధారణముగ అతడు గాయములు కట్టిన సంగతినే బోధింతుము. కాని అతడు మరునాడు చేసిన పనిని గూర్చియు తలంచుడి. అతడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి ఊరకొనలేదు. ఆ మీదట అయిన ఖర్చునకు తానే పూచీపడి, మరల వత్తునని మాట ఇచ్చి పోయెను. అతడు కొత్తగ సత్రము కట్టించలేదు. ఉన్న సత్రము ఆ రోగి విషయములో నడచునట్లు చూచెను. మన పితరులు కట్టినవారు. రాబోవు నూరేండ్లలో మనము మరల వచ్చి లెక్క తీర్చువారముగ ఉందుము గాక.